ఆకసమున తలుపుల గది – దాని వెల

మేఘములమీదుగ పోవుచు, తలుపు మూసికొని, పరుపుపై కాళ్లు చాచి నిద్రించుట యొకప్పుడు కథలలోని మాట. నేడది కొన్ని కంపెనీల విమానములలో నిత్యము జరుగుచున్నది. అంతకంటె వింత యేమనగా, ఆ గదులలో పండుకొని పోవువారందరును కోటీశ్వరులు కారు. వారిలో కొందరు లక్షల రూపాయల టిక్కెట్టును రొక్కమిచ్చి కొనక, 'మైళ్లు' అను నొకవిధమైన జమను చెల్లించి కొనుచున్నారు. మా పాఠకురాండ్రలో పలువురి బిడ్డలు అమెరికాలోను, సింగపూరులోను, దుబాయిలోను ఉద్యోగములు చేయుచున్నారు. కూతురి పురిటికో, మనుమని అన్నప్రాశనమునకో తల్లిని పిలిపించుకొనునపుడు "అమ్మా, ఈ టిక్కెట్టు మైళ్లతో కొన్నది, మనకు ఖర్చేమియు లేదు" అని వారు చెప్పుట యీ నడుమ తరచుగ వినుచున్నాము. ఖర్చు లేదను మాట నిజమేనా? ఆ మైళ్లు ఎచటనుండి వచ్చినవి? అవి ఎవరివి? ఇంటి పద్దు చూచుకొను స్త్రీలు ఈ సంగతి నెరిగియుండుట మంచిదని తలంచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మొదట గదిని చూతము. 2007 అక్టోబరు 25వ తేదీన సింగపూర్ ఎయిర్‌లైన్స్ వారు ఎయిర్‌బస్ ఎ380 అను రెండంతస్తుల విమానమును ప్రయాణికులతో ప్రపంచమున మొట్టమొదటిసారి నడపిరి. సింగపూరునుండి సిడ్నీకి సాగిన యా తొలి ప్రయాణపు టిక్కెట్లను వేలము వేసి, వచ్చిన సొమ్మును ధర్మకార్యముల కిచ్చిరి. ఆ విమానమునందు ప్రథమ తరగతికిని పైదిగా నొక తరగతిని కల్పించి, దానికి 'సూట్లు' అని పేరు పెట్టిరి. ఇది మగవారు తొడుగు సూటు కాదు. పెద్ద హోటళ్లలో ప్రత్యేకముగ నమర్చిన విడిది గదుల కా పేరు కలదు. అప్పుడట్టివి 12 ఉండెను. 2017లో వాటిని తీసివేసి, పై అంతస్తున ముందుభాగమున ఆరింటిని మాత్రమే కట్టిరి.

ఆరింటికి చోటెంత పెరిగినదో యూహింపవచ్చును. సామాన్యముగ పెద్ద తరగతులలో కుర్చీయే వెనుకకు వాలి పడకగ మారును. ఇందు కుర్చీ వేరు, మంచము వేరు. తోలు కుర్చీ యేవైపునకు కావలసిన నావైపునకు తిరుగును. మంచము వలదనుకొన్నప్పుడు గోడలోనికి మడచి పెట్టుదురు. బట్టలు తగిలించుకొను బీరువా కలదు. జారుతలుపు మూసికొన్నచో నడవలో పోవువారికి లోపలివారు కనబడరు. ముందటి గదులలో రెండింటి నడిమి గోడను దించినచో ఆలుమగల కొక్కటే గది యగును. మాకు మిక్కిలి నచ్చినది మాత్రము స్నానాల గదిలోని యొక చిన్న యేర్పాటు: అద్దము ముందు కూర్చుండి తల దువ్వికొనుటకు బల్లయు పీటయు నున్నవి. విమానపు మరుగుదొడ్డిలో నొంటికాలిపై నిలిచి చీర సవరించుకొన్న వారికే దాని విలువ తెలియును.

దుబాయి కంపెనీ యగు ఎమిరేట్స్ వారు మరియొక అడుగు వేసిరి. 2008లో తమ ఎ380 విమానములలో ప్రథమ తరగతివారికి స్నానపు గదులు రెంటిని పెట్టిరి. పదునలుగురికి రెండు గదులు. ఒక్కొక్కరికి అయిదు నిమిషముల నీరు; ఎంత మిగిలినదో చూపు దీపము కలదు. గోదావరి గట్టున పెరిగినవారికి అయిదు నిమిషములు నవ్వు తెప్పింపవచ్చును గాని, నలుబదివేల అడుగుల యెత్తున వేడినీళ్లు తలమీద పడుట సామాన్యమైన సంగతి కాదు. అబూదాబి కంపెనీ యగు ఎతిహాద్ వారు 2014లో ముందుగది, పడకగది, స్నానపుగది గల మూడు గదుల వాసమునే విమానములో కట్టి చూపించిరి. పులుసుచేప గ్రుడ్లు, ద్రాక్షసారాయి మొదలగు తినుబండారములను గూర్చి వేడుక పడువారు వర్ణింతురు. మా చదువరులలో ననేకుల కవి పనికిరావు గనుక విడిచిపెట్టుచున్నాము. శాకాహారము కోరువారు ముందుగ చెప్పుకొన్నచో మన దేశపు వంటలనే వడ్డింతురని తెలిసికొన్న చాలును.

ఈ వైభవము మన కాలమువారే కనిపెట్టినది కాదు. 1939లో అమెరికావారి పాన్ అమెరికన్ కంపెనీ నీటిమీద దిగు బోయింగ్ 314 అను పడవ విమానములను అట్లాంటిక్ మీదుగ నడపెను. అందు పగటి కుర్చీలు రాత్రి పడకలగుచుండెను. తోక వైపున నూతన దంపతులకని ప్రత్యేకమైన గది యుండెను. న్యూయార్కునుండి ఫ్రాన్సులోని మార్సేల్సుకు రాను పోను 675 డాలర్లు. ఆనాటి కది చాల పెద్ద మొత్తము. మన ఎయిర్ ఇండియావారు 1971లో 'ఎంపరర్ అశోక' అను తమ తొలి బోయింగ్ 747ను తెచ్చినపుడు కిటికీల చుట్టును రాజస్థానపు ఝరోకాల ముగ్గులు వ్రాయించి, దానిని ఆకసములోని రాజభవనమని చాటిరి. మేడమీద ప్రథమ తరగతివారికి మహారాజా గది యుండెను. అంతకు పూర్వము మన యమ్మమ్మలు తెర వేసిన మేనాలలో పోవలేదా? తలుపు మూసిన చోట ప్రయాణము చేయుట మనవారికి క్రొత్త గాదు. అప్పుడు మోసినవారు బోయీలు. ఇప్పుడెవరు మోయుచున్నారో చూడవలసియున్నది.

ఆ సింగపూరు విమానములో మొత్తము 471 చోట్లు కలవు. సూట్లు 6, బిజినెస్ తరగతి 78, మేలురకపు సామాన్య తరగతి 44, మిగిలిన 343 సామాన్య తరగతి. ఆరుగురు పండుకొను నేలపై నెంతమందిని కూర్చుండబెట్టవచ్చునో కంపెనీవారికి తెలియకపోలేదు. రొక్కము పోసి కొనువారు నిత్యము ఆరుగురు దొరకరు. దొరకని నాడు ఖాళీగ పోవుటకంటె మైళ్లకైన నిచ్చుట మేలు. గది మైళ్లవారికి దొరకుటకు మూలమిది. ఔదార్యము కాదు.

మైళ్ల పుట్టుక 1981 నాటిది. అప్పటికి మూడేండ్లకు ముందు, 1978లో, అమెరికాలో విమాన కంపెనీలపై ప్రభుత్వపు కట్టుబాట్లు తొలగింపబడినవి. పోటీ పెరిగెను. తమ ప్రయాణికులు ఇతరుల విమానములెక్కకుండ జేయుటకై అమెరికన్ ఎయిర్‌లైన్స్ వారు 1981 మే 1వ తేదీన నొక పథకము పెట్టిరి: తమ విమానములో పోయిన ప్రతి మైలునకును ఖాతాలో నొక మైలు జమ, తగినంత జమ యైన పిమ్మట నొక టిక్కెట్టు ఉచితము. చిన్న కంపెనీలు ఇట్టివి అంతకు ముందును పెట్టియుండెను గాని, దేశమంతట వ్యాపించినది దీనితోడనే. మన దేశమున 1994లో ఎయిర్ ఇండియావారు 'ఫ్లయింగ్ రిటర్న్స్' అను పేర నిట్టి పథకమును ప్రారంభించిరి. అదియే నేడు 'మహారాజా క్లబ్'. టీ పొట్లముల కూపనులు దాచి స్టీలు గిన్నె తెచ్చుకొన్న గృహిణులకు దీని రహస్యము విప్పి చెప్పనక్కర లేదు.

అయితే 1987లో నొక మార్పు వచ్చినది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ వారును సిటీబ్యాంకువారును కలిసి, క్రెడిట్ కార్డుతో సరకులు కొన్నను మైళ్లు వచ్చునట్లు చేసిరి. అంతటితో మైలునకును ప్రయాణమునకును గల ముడి తెగిపోయెను. విమాన మెక్కకుండగనే, ఉప్పు పప్పు కొని, బడి ఫీజు కట్టి, మైళ్లు కూడబెట్టు కాలము వచ్చెను.

1999లో కాలిఫోర్నియాలో జరిగిన యొక సంగతి పత్రికల కెక్కినది. ఒక తినుబండారముల కంపెనీ తమ సరకుపై గల గుర్తు చీట్లు పంపినవారికి మైళ్లిత్తుమని ప్రకటించెను. ఒక యింజనీరు లెక్క వేసి చూచి, ఆ సరకులలో మిక్కిలి చవుకైనది పావు డాలరు వెలగల పుడ్డింగు గిన్నె యని కనుగొనెను. ఊరూర అంగళ్లు తిరిగి 12,150 గిన్నెలు కొనెను. వ్యయము సుమారు 3,100 డాలర్లు. వచ్చిన మైళ్లు పన్నెండు లక్షలకు పైమాట. చీట్లు ఊడదీయుట యొక్కరి తరము గాకపోగా, బీదలకు సాయము చేయు సంస్థ కా పుడ్డింగును దానమిచ్చి వారిచేతనే చీట్లు తీయించుకొనెను. దానమునకై ప్రభుత్వము పన్నులో తగ్గింపును ఇచ్చినది. ఇంత తెలివిని మెచ్చుకొనక తప్పదు. కాని యట్టివాడు లక్ష మందిలో నొకడు. అతని కథ విని తక్కినవారు కొన్న సరకుతో కంపెనీలు నష్టపోలేదని మా నమ్మకము.

మైళ్లు ఎంత విలువైన వ్యాపారమైనదో 2020లో తేటపడినది. కోవిడ్ వలన విమానములు నేలపై నిలిచిపోయిన యా యేట యునైటెడ్ ఎయిర్‌లైన్స్ వారు తమ మైళ్ల పథకమును తాకట్టు పెట్టి 680 కోట్ల డాలర్ల అప్పు తెచ్చిరి. డెల్టావారు 900 కోట్లు తెచ్చిరి. తాకట్టున కక్కరకు వచ్చినవి విమానములు మాత్రమే కావు, ఈ లెక్కల పుస్తకము కూడ! కంపెనీవారు మైళ్లను బ్యాంకులకు రొక్కమునకు అమ్ముదురు. బ్యాంకు వాటిని కార్డుదారుల కిచ్చును. బ్యాంకునకు సొమ్ము ఎచటిది? కార్డు గీచినప్పుడెల్ల అంగడివాడు నూటికి సుమారు రెండు మూడు వంతులు రుసుముగ చెల్లించుకొనును. ఆ రుసుమును సరకు వెలలో కలుపుకొనును. అందుచేత కార్డు లేక రొక్కమిచ్చి కొను బీదరాలును ఆ వెలనే యిచ్చుచున్నది. మేనా మోయువారెవరని యడిగితిమే, వారిలో నీమెయు నొకతె. రెండవవారు, కార్డు బాకీని గడువులో తీర్చలేక వడ్డీ కట్టువారు.

ఈ రెండవ సంగతిని లెక్కతో చెప్పిన గాని తెలియదు. మన దేశమున కార్డు బాకీపై వడ్డీ నెలకు నూటికి మూడు రూపాయలు దాటియుండుట సామాన్యము. నూరు రూపాయల వ్యయమునకు నొక మైలు వచ్చు ననుకొందము. లక్ష రూపాయల సరకు కొన్నచో వెయ్యి మైళ్లు జమయగును. ఆ లక్షను ఒక్క నెల తీర్చక నిలిపినచో మూడు వేలకు మించి వడ్డీ పడును. వెయ్యి మైళ్లకు మూడు వేల రూపాయలు! దానికంటె టిక్కెట్టును రొక్కమిచ్చి కొనుటయే నయము. నెలనెల బాకీని పూర్తిగ తీర్చు నింటికి మాత్రమే మైళ్లు లాభము. తీర్చలేని యింటి కవి యెర.

ఇక గది వెల. 2022లో సింగపూరువారు ప్రకటించిన పట్టిక ప్రకారము సింగపూరునుండి లండనుకు ఒక దారికి సూటు, తక్కువ రకపు ధరకే, 1,40,000 మైళ్లకు పైచిలుకు. నూటికి నొక మైలు చొప్పున నన్ని మైళ్లు రావలెనన్న కోటీ నలుబది లక్షల రూపాయలు ఖర్చు పెట్టవలెను. నూటికి రెండు వచ్చినను డెబ్బది లక్షలు. జీతముతో బ్రదుకు సంసారమున కిది యెన్ని యేండ్ల పని! అమెరికాలో నున్నవారికి దారి కొంత దగ్గర. అచట క్రొత్త కార్డు తీసికొని మూడు నెలలలో కొన్ని వేల డాలర్లు వ్యయము చేసినవారికి యాబదివేలు మొదలు లక్ష వరకు మైళ్లు బహుమానముగ నిచ్చుట కలదు. మన పిల్లలు సూటు లెక్కుచున్నది చాలవరకు నీ బహుమానములతోడనే. భర్త పేర నొకటి, భార్య పేర నొకటి కార్డు తీసికొని రెండు బహుమానములు పొందు దంపతులును కలరు.

పైగ ఈ నాణెము నిలుకడలేనిది. రాజు ముద్రించిన నాణెమును రాజే రాత్రికి రాత్రి తగ్గించిన ట్లుండును. పైన చెప్పిన పట్టికను 2025 నవంబరులో మరల పెంచిరి. అదే యేడు మే నెలలో ఎమిరేట్స్ వారు, తమ కంపెనీలో వెండి, బంగారము మొదలగు అంతస్తులు పొందిన సభ్యులకు తప్ప ప్రథమ తరగతిని మైళ్లకు ఇయ్యమని నియమించిరి. దాచి దాచి చేరువకు వచ్చినవారి కా నియమము తలుపు మూసినట్లయ్యెను. ఈ రెండు కంపెనీలలోను మైళ్లకు సామాన్యముగ మూడేండ్ల గడువు. బంగారమును బీరువాలో పెట్టి మనుమరాలి పెండ్లికి తీయవచ్చును. మైళ్లను అట్లు దాచరాదు. టిక్కెట్టు మైళ్లతో కొన్నను పన్నులును రుసుములును రొక్కమే యియ్యవలయును. కొన్ని కంపెనీలలో నది చిన్న మొత్తము కాదు.

ఇంత చెప్పితిమని, సుఖము కూడదని మా యభిప్రాయము కాదు. మాకు తెలిసిన యొక తల్లి సంగతి చెప్పెదము. కృష్ణా జిల్లాలోని యొక పల్లెటూరు, వయస్సు అరువదియైదు. పెద్ద కూతురి పురిటికి అమెరికా పోయినపుడు ఆమెకు సామాన్య తరగతిలో మూడు కుర్చీల నడిమి కుర్చీ దొరకెను. ఇరుప్రక్కలవారిని లేపుటకు మొగమాటపడి, నీరు త్రాగుట మాని, ఇరువది గంటలకు పైగ నట్లే కూర్చుండెను. పాదములు పొంగి రెండు దినములు చెప్పులు పట్టలేదు. (అట్లు కదలక కూర్చుండుట కాళ్లలో నెత్తురు గడ్డకట్టుటకు కారణము కావచ్చునని వైద్యులు హెచ్చరించుచున్నారు. గంట కొకమారు లేచి నడువవలెను, మొగమాటము పనికిరాదు.) చిన్న కూతురి పురిటికి అల్లుడు తన మైళ్లతో తలుపుల గదిని కొని పంపెను. ఆమె మొదట తలుపు మూయనీయలేదట. మంచమెట్లు దిగునో తెలియక, అడిగిన నెవరేమనుకొందురో యని, రాత్రి రెండు జాములు కుర్చీలోనే జపము చేసికొనుచుండెను. తుదకు పరిచారిక వచ్చి, "అమ్మా" యని పిలిచి, పరుపు పరచి, దుప్పటి కప్పెను. ఆరు గంటలు మెలకువ లేదు. ఆ దినము సాయంకాలమే ఆమె పసిబిడ్డకు నీళ్లు పోయగలిగెను.

ఆరు మాసములు వంట వండి, పథ్యము పెట్టి, రాత్రులు బిడ్డ నెత్తుకొని, తిరిగి వచ్చుదినము వచ్చినది. తిరుగు టిక్కెట్టు సామాన్య తరగతిలో. మైళ్లు అయిపోయినవి. అల్లుడు దుష్టుడు కాడు. పోవునపుడు అత్తగారు బడలక చేరవలెనని కోరినాడు, వచ్చునపుడు ఆ యక్కర గోచరింపలేదు. ఈ విషయమున మేము అతనిని తప్పు పట్టుట లేదు, కూతురిని పట్టుచున్నాము. ఏలయనగా ఆ మైళ్లలో సగమునకు పైగ ఆమె కొన్న బియ్యము, పాలు, పసిబిడ్డ గుడ్డలవలన వచ్చినవే. అయినను ఖాతా భర్త పేర నున్నది. అందెంత యున్నదో ఆమె యెరుగదు. చూడవలెనని ఆమెకు తోచనే లేదు.

ఇట్టి యిండ్లు పెక్కు కలవు. కార్డు భర్తది, గీచునది భార్య, జమ భర్త పేర. ఆలుమగల నడుమ నీది నాది యేమని మీరనవచ్చును. నిజమే. కాని పలు కంపెనీల నిబంధనలలో మైళ్లు సభ్యుని సొత్తు కావనియు, సభ్యుడు మరణించినచో వారసులకు చెందవనియు వ్రాసియుండును. కొన్ని కంపెనీలు కోరినచో దయతలచి మార్చి యిచ్చును, కొన్ని యియ్యవు. సభ్యుడు బ్రదికియున్నపుడు మాత్రము తన మైళ్లతో భార్యకు, తల్లికి, అత్తకు టిక్కెట్టు కొనియిచ్చుట కభ్యంతరము లేదు; సింగపూరువారి పథకములో నట్టి బంధువులను అయిదుగురి వరకు ముందుగ పేర్కొని యుంచవలయును. ఆ అయిదు పేర్లలో తమ పేరును, తమ తల్లి పేరును ఉన్నవో లేదో మా పాఠకురాండ్రు ఈ నెలలోనే యొకమారు చూచుకొందురు గాక. పాల పద్దు, చాకలి పద్దు వ్రాసికొను పుస్తకములోనే మైళ్లెన్ని, గడువెప్పుడు అని యొక వరుస వ్రాసికొనుట కెంత సేపు?

సూటు కొనదగునా యని యడుగువారికి మా సమాధానము: ప్రయాణించు మనిషిని బట్టి. 2022 నాటి పట్టిక చొప్పున లండను సూటు నొకదానిని కొను మైళ్లతో సామాన్య తరగతిలో ముగ్గురు పోవచ్చును. ముప్పదేండ్ల వయస్సువారు ఛాయాపటములు తీయించుకొనుటకై యా మైళ్లను వెచ్చించుట వారి యిష్టము. మేము కాదనము గాని మెచ్చుకొనలేము. మోకాళ్లనొప్పులు గల తల్లి నొంటరిగ రాత్రంత ప్రయాణింపజేయునపుడు వేరు. అప్పుడైనను సూటే కానక్కర లేదు. బిజినెస్ తరగతిలోను నేడు కుర్చీ చదునుగ పడక యగుచున్నది. కొన్ని కంపెనీలవారు అందును తలుపులు పెట్టిరి. దానికి మైళ్లు తక్కువ పట్టును, మిగిలినవి తిరుగు ప్రయాణమునకు పనికివచ్చును. రెండు దారులకును కలిపి లెక్క వేసిన పిమ్మటనే మొదటి దారి టిక్కెట్టు కొనవలెనని మాత్రము గట్టిగ చెప్పుచున్నాము.

కొనదలచినవారు తేదీ విషయమున పట్టుదల విడువవలెను. మైళ్ల కిచ్చు గదులు ఒకటి రెండింటికి మించి యుండవు. ఏడాది ముందుగ చూచినవారికో, ప్రయాణము దగ్గరపడినపుడు మరల చూచినవారికో దొరకును. సింగపూరువారు నిరీక్షణ పట్టికలో పేరు వ్రాసికొందురు. టిక్కెట్టు దొరకిన పిమ్మట భోజనమును ముందుగనే వ్రాయించుట, నడువలేనివారికి చక్రాల కుర్చీ చెప్పించుట మరువరాదు. విమానములో పెద్దవారి కెవరును చెప్పనివి రెండు కలవు. మంచము పరచుమని పరిచారికను పిలుచుటకు మీట కుర్చీ ప్రక్కనే యుండును. ఎన్నిమారులు నొక్కినను ఎవరును విసుగుకొనరు, అది వారి పని. కాళ్లకు మేజోళ్లు, కంటి గంతలు, రాత్రి దుస్తులు ఇచ్చినచో తీసికొనవచ్చును. వానికి వేరుగ వెల లేదు. ఈ రెండును ఆ కృష్ణా జిల్లా తల్లి మాకు చెప్పి వ్రాయుమన్నవి.